గెలిచిన టీమ్ పేరే కాదు, ఆడిన పిల్లల ఆట గూడ రాయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్ జిల్లా పేజీల ఈ మధ్య మా దిక్కు జరిగిన ఒక అండర్-19 క్రికెట్ మ్యాచ్ వార్త వచ్చింది సార్. ఏ టీమ్ గెలిచిందో రాసిండ్రు, బహుమతులు ఇచ్చిన పెద్దమనుషుల పేర్లు వరుసగ రాసిండ్రు, ఆడిన పిలగాళ్ళ పేరు మాత్రం ఒక్కటి లేదు. ఆ మ్యాచ్ నేను పొద్దుగూకేదాక గ్రౌండ్ల కూసోని చూసిన. ఒక ఎడమచేతి పిలగాడు బంతి పాతగైనంక గూడ రెండు దిక్కులా తిప్పిండు, వాని చేతిల ఏదో ఉన్నదని చూసినోళ్ళందరికి తెలుస్తనే ఉన్నది, గని తెల్లారి పేపర్ చదివినోళ్ళకు అసొంటోడు ఒకడున్నడనే తెల్వదు. మీ రిపోర్టర్‌ను అంటలేను, ఆయనకు ఎవరో ఫొటో, నాలుగు లైన్లు వాట్సాప్‌ల పంపుతరు, అన్ని మండలాలు ఆయనొక్కడే తిరగలేడు గద.

నాకు ఈ సంగతి ఇంతగనం పట్టింది అమెరికాల చూసిన ఒక ఆట వల్ల. మా బిడ్డ కాన్పుకని నేను, మా ఇంటామె డల్లాస్ పక్కన ఫ్రిస్కో పోయినం, ఎండకాలమంత అక్కడ్నే ఉన్నం. ఆ ఊర్ల రఫ్‌రైడర్స్ అని బేస్‌బాల్ టీమ్ ఉన్నది, టెక్సస్ రేంజర్స్ అనే పెద్ద టీమ్‌కు ఇది కింది టీమ్. అక్కడ పెద్ద లీగ్ టీమ్‌లు 30 ఉంటే ఒక్కో దానికి కింద నాలుగు మెట్లు, సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ, అట్ల 120 టీమ్‌లు, వీటిని మైనర్ లీగ్ అంటరు. ఇంతకుముందు 160 ఉండె, 2021ల తగ్గించిండ్రు. ఫ్రిస్కోది డబుల్-ఏ, అంటె పెద్ద లీగ్‌కు రెండు మెట్లు కింద ఉన్న పిలగాళ్ళు, ఎక్కువ మంది ఇరవై, ఇరవై నాలుగు ఏళ్ళ మధ్యోళ్ళు, టీవీల ఇంక ఎవ్వరికీ తెల్వనోళ్ళు. అయినా కుర్చీలు మస్తుగ నిండినయి సార్. మా అల్లుడు నన్ను తోల్కపోతే ఊకె టైమ్‌పాస్ అనుకున్నోన్ని, మల్ల ఎప్పుడు మ్యాచ్ ఉన్నదని నేనే అడుగుడు షురూ చేసిన, మంగళవారం నుంచి ఆదివారం దాక ఒకటే టీమ్ తోటి వరుసగ ఆరు మ్యాచ్‌లు ఆడ్తరు, సోమవారం సెలవు.

నేను మిర్యాలగూడల చిన్నప్పటి నుంచి ఫాస్ట్ బౌలింగ్ చేసినోన్ని, తర్వాత అంపైరింగ్ చేసిన, కాబట్టి నా కన్ను ముందుగల బంతి విసిరెటోని మీదికే పోయింది. పిచ్చర్ అంటరు. 60 అడుగుల 6 అంగుళాల నుంచి విసురుతడు, మన పిచ్ 66 అడుగులు, పైగా బంతి కింద పడదు, సక్కగ వస్తది. స్కోర్‌బోర్డు మీద స్పీడ్ పడ్తది, ఆ రోజు వేసిన పిలగానిది 97 మైళ్ళు చూపించింది, మన లెక్కల 156 కిలోమీటర్లు. అందరు ఆ నంబర్ చూసి అరుస్తున్నరు గని నాకు నచ్చింది వేరే. అక్కడ ఒక మ్యాచ్‌కు తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటయి, మూడో ఇన్నింగ్స్‌ల వాన్ని ఒకడు హోమ్‌రన్ కొట్టిండు, బంతి గోడ అవతల పడ్డది. అసొంటప్పుడు కుర్రోడికి కోపమొచ్చి ఇంకా గట్టిగ వేస్తడు, మన బౌలర్లు బౌన్సర్ వేసినట్టు. వీడు బంతిని చేతులతోటి ఒకసారి రుద్దుకున్నడు, తర్వాతోనికి మొదటి బంతే స్లోగ, పై నుంచి కిందికి వంగేది వేసిండు, బ్యాటర్ కదలలే, స్ట్రైక్ పడ్డది, అసొంటివి మూడు పడితె స్ట్రైకౌట్, అంటె బ్యాటర్ ఔట్. ఆ ఒక్క బంతి చూసి వీడు పైకి పోతడని నాకు నమ్మకమొచ్చింది.

అయిదో ఇన్నింగ్స్ అయినంక వాన్ని తీసేసిండ్రు. టీమ్ లీడ్ల ఉన్నది, వాడు అలసిపోయినట్టు గూడ లేడు, అట్లెందుకు తీసిండ్రు అంటె మా ముందర కూసున్న ఒక ముసలాయన మా అల్లునికి చెప్పిండు, బంతుల లెక్క అయిపోయిందట, ఈ మెట్టు మీద మ్యాచ్ గెలుసుడు కన్నా ఆ చెయ్యి కాపాడుడు ముఖ్యమట. ఆ పెద్దాయన గురించి జర చెప్పాలె. పెన్సిలు, స్కోరుబుక్కు తెచ్చుకున్నడు, ఒక్కో బంతి రాసుకుంటడు. బేస్‌బాల్‌ల ఫీల్డర్లకు 1 నుంచి 9 దాక నంబర్లుంటయి, పిచ్చర్ 1, క్యాచర్ 2, రెండో, మూడో మూలల (బేస్‌ల) నడుమ నిలబడే షార్ట్‌స్టాప్ 6, అట్ల. 6-4-3 అని రాస్తె బంతి షార్ట్‌స్టాప్ నుంచి సెకండ్ బేస్‌మన్‌కు, అక్కడి నుంచి ఫస్ట్ బేస్‌కు పోయి ఇద్దరు ఔటైండ్రని లెక్క. ఎవ్వని వయసెంత, ఏ ఊరు, పోయినేడు ఏ మెట్టు మీద ఆడిండు, అన్ని నోటికి చెప్తడు. వయసు సంగతి ఆయన చెప్తేనే నాకు సమజైంది. ఇక్కడ ఇరవై నాలుగేళ్ళోడు మంచిగ కొట్టుడు మామూలు, ఇరవై ఏళ్ళోడు కొడితె ఆగి చూడాలె అన్నడు. మన దగ్గర వయసు అంటె సర్టిఫికెట్‌ల ఎంత తగ్గించిండ్రు అనే గొడవ, అందుకే బీసీసీఐ చిన్నపిల్లలకు ఎముకల టెస్ట్ పెట్టాల్సొచ్చింది.

షార్ట్‌స్టాప్ పిలగాడొకడు రెండో ఇన్నింగ్స్‌ల అల్కటి బంతి కాళ్ళ సందుల నుంచి వదిలేసిండు, దాని మీద రన్ వచ్చింది. తర్వాత గంటసేపు వాని దిక్కే చూసిన నేను, తల దించుకుంటడా, బంతి నా దిక్కు రావద్దు అన్నట్టు వెనక్కి జరుగుతడా అని. వెనక్కి జరగలే, ఒక అడుగు ముందుకే జరిగిండు. ఏడో ఇన్నింగ్స్‌ల కుడిదిక్కు దూరంగ పోయే బంతిని వెనకచేతి తోటి అందుకోని, కాలు నిలదొక్కుకోక ముందే గాలిల నుంచే ఫస్ట్ బేస్‌కు విసిరిండు, ఔట్. మనోళ్ళల్ల పాయింట్‌ల నిలబడెటోళ్ళకు ఇది చూపియ్యాలె అనిపించింది.

నా లెక్కల మాత్రం ఆ రోజు అందరికన్నా మంచిగ ఆడింది ఒక్క హిట్ గూడ కొట్టని పిలగాడు సార్, హిట్ అంటె బంతి కొట్టి ఔట్ కాకుండ బేస్ చేరుడు. నాలుగుసార్లు బ్యాటింగ్‌కొచ్చిండు, రెండుసార్లు స్ట్రైకౌట్. గని వాడు స్ట్రైక్ జోన్, అంటె కొట్టదగ్గ హద్దు, బయట పోయే బంతిని ఒక్కదాన్ని ముట్టలే, రెండు స్ట్రైకులు పడ్డంక గూడ మంచి బంతులు చానా మటుకు ఫౌల్, అంటె గీత బయటికి, కొట్టుకుంట కొట్టుకుంట పిచ్చర్‌ను సతాయించిండు, ఆ పిచ్చర్ బంతుల లెక్క తొందరగ అయిపోవుడుకు సగం కారణం వీడే, ఆఖరిసారి కొట్టింది మస్తు గట్టిగ పోయింది గని సక్కగ ఫీల్డర్ చేతుల పడ్డది. తెల్లారి స్కోర్ చూస్తె వాని పేరు పక్కన సున్న. ముసలాయన బుక్కుల మాత్రం వాడు ఎన్ని బంతులు ఆడిండో చుక్కలు పెట్టి ఉన్నయి. కూసోని చూసి రాసెటోడు ఒకడుంటె ఆ పిలగాని కష్టం పోదు, లేకపోతె సున్ననే మిగులుతది.

అక్కడ గూడ అన్ని మొదటి నుంచి మంచిగ లేవు. ఇంతకుముందు డబుల్-ఏ ఆటగానికి ఏడాదికి 13,800 డాలర్లే ఇచ్చేటోళ్ళట, అమెరికాల అది కిరాయికే సాలదు. పిలగాళ్ళంతా యూనియన్‌ల చేరి కొట్లాడితె 2023ల అది 30,250 అయింది, అంతకుముందు ఏడాది నుంచి ఉండటానికి ఇల్లు గూడ క్లబ్బులే ఇయ్యాలె అని పెట్టిండ్రు.

మనోళ్ళకు ఇంకొక సంగతి చెప్తె ఇష్టమైతది. కుమార్ రాకర్ అని పిచ్చర్ ఉన్నడు, వాళ్ళమ్మ వాళ్ళది మన ఇండియా మూలం. 2019ల కాలేజీ ఆటల ఒక్క మ్యాచ్‌ల 19 మందిని స్ట్రైకౌట్ చేసి ఒక్క హిట్ గూడ ఇయ్యలే. అంతటోనికి గూడ 2023ల మోచేతికి పెద్ద ఆపరేషన్ అయింది. దాన్ని టామీ జాన్ సర్జరీ అంటరు, 1974ల మొదటిసారి ఎవరికి చేసిండ్రో ఆ పిచ్చర్ పేరే పెట్టిండ్రు. ఏడాది పైన తిప్పలువడి 2024ల ఇదే ఫ్రిస్కో టీమ్‌కు కొన్ని మ్యాచ్‌లు ఆడి, అదే సెప్టెంబర్‌ల పెద్ద లీగ్‌ల దిగిండు. తొందరపెట్టలేదు వాన్ని, మెట్టు మెట్టు ఎక్కించిండ్రు.

చేతుల సంగతి వస్తె నా మనసు కాలుతది సార్. అక్కడ 2014ల పిచ్ స్మార్ట్ అని లెక్క పెట్టిండ్రు, 17, 18 ఏళ్ళోడు ఒక్కరోజుల 105 బంతులు దాటొద్దు, 11, 12 ఏళ్ళోడు 85 దాటొద్దు, ఎన్ని వేసిండో దాన్నిబట్టి తర్వాత ఎన్నిరోజులు ఆగాలెనో గూడ ఉన్నది. వాళ్ళది మోచెయ్యి వంచి విసురుడు, మనది నిలువుగ తిప్పుడు, వాళ్ళ లెక్క మనకు అట్లనే సరిపోదు, నేను ఒప్పుకుంట. మన పిలగాళ్ళకు చెయ్యి కన్నా ముందుగల నడుము పోతది, వెన్నెముకల సన్నగ పగులు వస్తది, ఫాస్ట్ బౌలర్లకు ఇది ఎప్పటినుంచో ఉన్న రోగం. మా దిక్కు ఒక ఎండకాలం టోర్నమెంట్‌ల పదహారేళ్ళ పిలగానితోటి పొద్దున ఒక మ్యాచ్, మధ్యాహ్నం ఇంకొకటి, తెల్లారి ఫైనల్, అన్నిట్ల ఫుల్ ఓవర్లు వేపిచ్చిండ్రు. కప్పు వచ్చింది. ఆ పిలగాడు ఇప్పుడు బంతి పట్టుకుంటలేడు, కిరాణం దుకాణంల కూసుంటున్నడు. పెట్టినోళ్ళ పేరు నేను చెప్ప, వాళ్ళు గూడ కావాలని చెయ్యలే, ఎవ్వరు లెక్క రాయలే, అంతే.

భద్రాచలం బిడ్డ గొంగడి త్రిష 2025 అండర్-19 వరల్డ్ కప్‌ల స్కాట్లాండ్ మీద సెంచరీ కొట్టి ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ అయింది, మనందరికి గర్వమే. గని ఆ బిడ్డ ఆట కోసం ఇల్లంత హైదరాబాద్‌కు మార్చాల్సొచ్చింది. దేవరకొండల, అచ్చంపేటల, నారాయణపేటల ఉన్న ఎంతమంది తల్లిదండ్రులకు అది అయితది. జిల్లాల ఉన్నోడు జిల్లాలనే ఉండి గూడ పైనోళ్ళ కంట్ల పడాలంటె వాని ఆట ఎక్కడన్న రాసి ఉండాలె.

కాబట్టి సార్, నేను అడిగేది పెద్దదేం కాదు. నల్గొండ మేకల అభినవ్ స్టేడియంలనో, మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గర ఎండీసీఏ (జిల్లా క్రికెట్ అసోసియేషన్) గ్రౌండ్లనో జిల్లా మ్యాచ్ అయినప్పుడు వారానికి ఒక్కసారి చిన్న బాక్స్ ఇయ్యండి. అండ్ల బ్యాటర్ పేరు, వయసు, ఎన్ని బంతులల్ల ఎన్ని రన్స్, బౌలర్ పేరు, వయసు, ఆ రోజు ఎన్ని ఓవర్లు, ఆ వారంల మొత్తం ఎన్ని ఓవర్లు. ఈ ఆఖరి నంబర్ తప్పకుండ వెయ్యండి, పదహారేళ్ళోడు మూడు రోజులల్ల నలభై ఓవర్లు వేసిండని పేపర్‌ల పడితె ఏ కోచ్ అయినా మల్ల అట్ల చెయ్యడానికి వెనకాముందాడ్తడు. జాగ ఉంటె సున్నకు ఔటైనా మంచిగ ఆడినోని గురించి రెండు లైన్లు. ఆడపిల్లల మ్యాచ్‌లు గూడ అట్లనే, వాళ్ళవి అసలుకే రాస్తలేరు.

రిపోర్టర్ రాలేకపోతె మిర్యాలగూడ, హాలియా దిక్కు జరిగే మ్యాచ్‌లకు నేను పోయి రాసి పంపుత, నాకు పైసలు వద్దు, పేరు గూడ వద్దు. ఆదివారం మ్యాచ్ అయితె స్కోరర్ సంతకం పెట్టిన షీట్ ఫొటో రాత్రి ఎనిమిది లోపట మీ నల్గొండ ఆఫీస్‌కు చేరుతది, ఏ నంబర్‌కు పంపాలెనో పేపర్‌ల వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకుడు, మిర్యాలగూడ, నల్గొండ జిల్లా