శేఖర్‌కి: నీ ఇరాన్ వ్యాసం గురించి

ఒరే శేఖర్,

నీ వ్యాసం అందింది. ఊపు ఉంది, చదివిస్తుంది. కానీ అప్పుడే పత్రికకి పంపేయకు. ఇరాన్ ఉరిశిక్షల మీద రాసేవాళ్ళు ఎక్కడ తడబడతారో నువ్వూ అక్కడే తడబడ్డావు. ఉత్తరం కాస్త పొడుగవుతుంది, టీ పెట్టుకుని కూర్చో.

మొదటి పేరాలోనే "ప్రభుత్వాన్ని ప్రశ్నించిన పాపానికి 2024లో 975 మందిని ఉరితీశారు" అన్నావు. అంకె సరైనదే. ఓస్లోలో ఉన్న ఇరాన్ హ్యూమన్ రైట్స్ సంస్థ లెక్క అది. "ప్రశ్నించిన పాపానికి" అన్న ముక్కే చెల్లదు. ఆ 975లో 503 మంది మాదకద్రవ్యాల కేసుల్లో పోయారు. 419 మంది హత్య కేసుల్లో ఖిసాస్ కింద, అంటే ప్రాణానికి ప్రాణం కింద పోయారు. మిగిలింది యాభై చిల్లర. అందులోనూ కొన్ని అత్యాచారం కేసులున్నాయి. దేవుడి మీద యుద్ధం, భూమ్మీద అరాచకం లాంటి రాజ్యభద్రత నేరాలు మోపి చంపినవాళ్ళు ఆ తర్వాత మిగిలిన కొద్దిమంది. నువ్వు పది పేజీలు రాసింది ఆ కొద్దిమంది గురించే. రాయొద్దని కాదురా, వాళ్ళే మొత్తం అన్నట్టు రాయొద్దు అంటున్నాను.

ఆమ్నెస్టీ అదే ఏడాదికి 972 అంటుంది, దానికి కంగారుపడకు. ఓస్లోవాళ్ళు ప్రభుత్వం ప్రకటించని ఉరినైతే కనీసం రెండు వేర్వేరు ఆధారాలు దొరికితేనే లెక్కలో వేసుకుంటారు, లేకపోతే పక్కన పెడతారు. ఆ ఏడాది ప్రభుత్వం తనంతట తాను ప్రకటించినవి పదో వంతు కూడా లేవు. కాబట్టి అంకె ముందు "కనీసం" అన్న మాట పెట్టి తీరాలి. వార్త బయటికొచ్చే దారి కూడా తెలుసుకో. ఉరికి ఒకటి రెండు రోజుల ముందు మనిషిని ఒంటరి గదికి మారుస్తారు. ఇంట్లోవాళ్ళకి చివరి ములాఖత్ కోసం ఫోన్ వెళ్తుంది, కొన్నిసార్లు అదీ వెళ్ళదు. తెల్లవారుజామున పని ముగిస్తారు. తోటి ఖైదీలో, లాయరో, బంధువులో చెబితేనే లోకానికి తెలిసేది. ఏ పేరు నీ కంటపడినా ఏ జైలు, ఏ నేరం, ఏ కోర్టు తీర్పు, న్యాయశాఖవాళ్ళ మీజాన్ వార్తాసంస్థ ప్రకటించిందా లేదా చూడు. ఈ నాలుగూ తేలని వార్తని వ్యాసంలోకి రానివ్వకు.

మాదకద్రవ్యాల చట్టం గురించి ఒక్క వాక్యం కూడా లేదు నీ దగ్గర. 2017 దాకా 30 గ్రాముల హెరాయిన్, లేదా 5 కిలోల నల్లమందు దాటితే ఉరే. ఆ ఏడాది పార్లమెంటు సవరించింది. నల్లమందు, గంజాయి లాంటివి 50 కిలోలు, హెరాయిన్, కొకైన్, ల్యాబుల్లో తయారయ్యే మెథ్ లాంటివి 2 కిలోలు (ఊరికే దగ్గర ఉంచుకుంటే 3 కిలోలు) దాటితేనే ఉరి అన్నారు. ఆయుధం పట్టినవాళ్ళకీ, ముఠా నాయకులకీ, ఇదివరకే పెద్ద శిక్ష పడినవాళ్ళకీ ఈ వెసులుబాటు వర్తించదు. పాత తీర్పులకి కూడా సవరణ వర్తించడంతో 2018లో ఉరులు ఒక్కసారిగా పడిపోయాయి. 2021 నుంచి మళ్ళీ లేచాయి. చట్టం మారలేదు, వాడే చెయ్యి బిగిసింది. ఈ కేసులు నడిచేది మామూలు కోర్టుల్లో కాదు, విప్లవ న్యాయస్థానాల్లో. 1979 విప్లవంలో పడిపోయిన రాజు షా మనుషుల్ని శిక్షించడానికి పెట్టిన ఆ కోర్టే ఇప్పుడు సరుకు మోసే బలూచీ కుర్రాళ్ళని తూకం లెక్కన చంపుతోంది. బలూచీలు జనాభాలో కొద్ది శాతమే, ఉరిపడ్డవాళ్ళలో వాళ్ళ వాటా దానికి ఎన్నో రెట్లు. విప్లవ వారసత్వం అంటూ నువ్వు చివర్లో రాసిన పేరా ఇక్కడికి తెచ్చుకో, ఇక్కడైతేనే దానికి బరువు.

ఖిసాస్ సంగతి ఇంకోరకం. అందులో ప్రాణం తీసే హక్కు రాజ్యానిది కాదు, చనిపోయినవాడి వారసులది. వాళ్ళకి మూడు దారులు. ఉరి కోరవచ్చు, ఊరికే క్షమించవచ్చు, దియా అనే రక్తధనం తీసుకుని వదిలేయవచ్చు. దియా రేటు ఏటా కొత్త సంవత్సరానికి న్యాయశాఖ ప్రకటిస్తుంది. ఇరాన్ క్యాలెండర్ 1403లో, అంటే 2024 మార్చితో మొదలైన ఏడాదికి, అది 120 కోట్ల తుమన్లు. హత్య పవిత్ర మాసాల్లో జరిగితే మూడో వంతు కలిసి 160 కోట్లు. కావాలని చేసిన హత్యలో వారసులు దీనికి ఎక్కువైనా అడగవచ్చు, తక్కువైనా ఒప్పుకోవచ్చు. అందుకే చాలా కేసుల్లో బేరం ఏళ్ళ తరబడి సాగుతుంది, డబ్బున్నవాడు బయటపడతాడు, లేనివాడికి ఊళ్ళోవాళ్ళు చందాలు పోగెయ్యాలి. ఆడమనిషి దియా మగవాడి దాంట్లో సగం. కాబట్టి ఆడమనిషిని చంపిన మగవాణ్ణి ఉరితీయమంటే, చచ్చిపోయిన అమ్మాయి పుట్టింటివాళ్ళే ముందు హంతకుడి వాళ్ళకి సగం దియా కట్టాలి! తండ్రి బిడ్డని చంపితే అసలు ఖిసాసే లేదు.

2014 ఏప్రిల్‌లో కాస్పియన్ ఒడ్డున నూర్ అనే ఊళ్ళో ఓ తల్లి, కొడుకుని చంపినవాడి మెడకి ఉరితాడు వేశాక వాడి చెంప ఛెళ్ళుమనిపించి, భర్తతో కలిసి ఆ తాడు తీసేసింది. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. నువ్వు దాన్ని "జాలిగల సంస్కృతి"కి ఉదాహరణగా వాడావు. నాకైతే ఆ దృశ్యంలో కనిపించేది ఇంకోటి. బిడ్డ పోయి ఏడేళ్ళుగా ఏడుస్తున్న తల్లి చేతికి ఉరితాడు ఇచ్చి, నిర్ణయం నీదే అని రాజ్యం పక్కకి తప్పుకుంది.

ఇక 1979 విప్లవం, మతగురువు ఖొమేనీని గద్దెకెక్కించింది. "ఖొమేనీ విప్లవాన్ని దొంగిలించాడు, మిగతావాళ్ళంతా మోసపోయారు" అని రాశావే, ఆ వాక్యం తీసెయ్. ఫిబ్రవరి 11న షా ప్రభుత్వం కూలింది. నాలుగు రోజులు తిరక్కుండానే ఖొమేనీ మకాం పెట్టిన రెఫా స్కూలు డాబా మీద, షా రహస్య పోలీసు సంస్థ సావాక్ మాజీ అధిపతి నసీరీతో సహా నలుగురు జనరళ్ళని కాల్చి చంపారు. పదమూడేళ్ళు ప్రధానిగా చేసిన హొవేదాని నిజానికి షాయే 1978 నవంబర్‌లో జైల్లో పెట్టించాడు. కాపలావాళ్ళు పారిపోయిన రోజున అతను పారిపోకుండా లొంగిపోయాడు. తాత్కాలిక ప్రధాని బజర్గాన్ మొత్తుకుంటే మార్చిలో విచారణలు కొన్నాళ్ళు ఆగాయి. ఏప్రిల్ 7న విప్లవ కోర్టు జడ్జి ఖల్ఖాలీ మళ్ళీ కూర్చున్నాడు, అదే రోజు హొవేదాని కాల్చేశారు. లాయరు లేడు, అప్పీలు లేదు. అప్పుడు వద్దన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్క. కమ్యూనిస్టుల తూదే పార్టీ, వామపక్ష గెరిల్లాలైన ఫెదాయీలు, సాయుధ ఇస్లామిక్ సంస్థ ముజాహిదీన్ అందరూ సమర్థించారు, విప్లవ న్యాయం ఇంకా గట్టిగా ఉండాలన్నారు.

తర్వాత ఏం జరిగిందో వరసగా చూడు. పారిస్‌లో ఖొమేనీ పక్కన ఉండి, తర్వాత విదేశాంగ మంత్రి అయిన గొత్బ్‌జాదేని 1982 సెప్టెంబర్‌లో చంపారు. 1981 జూన్ నుంచి ముజాహిదీన్ కుర్రాళ్ళని వందలకొద్దీ చంపారు. 1983లో తూదే నాయకుల్ని పట్టుకుని టీవీలో ఒప్పుకోళ్ళు చెప్పించారు. వీళ్ళందరినీ శిక్షించింది ఒకప్పుడు తాము చప్పట్లు కొట్టిన కోర్టే.

1988 జైలు హత్యాకాండ గురించి నువ్వు రాసింది సగమే. జూలైలో ఇరాన్ ఇరాక్‌తో యుద్ధంలో కాల్పుల విరమణకి ఒప్పుకుంది. ఆ నెలాఖర్లో, సద్దాం అండతో ఇరాక్‌లో ఉన్న ముజాహిదీన్ సేన సరిహద్దు దాటి వచ్చింది. దాని వంకతో, ఆ సంస్థకి ఇంకా కట్టుబడి ఉన్న ఖైదీల్ని చంపమని ఖొమేనీ ఫత్వా ఇచ్చాడు. ఎప్పటినుంచో జైల్లో ఉన్నవాళ్ళని, కొందరైతే శిక్ష పూర్తయినవాళ్ళని, మళ్ళీ కమిటీ ముందు కూర్చోబెట్టారు. టెహ్రాన్ కమిటీలో నయ్యెరీ, ఎష్రాఖీ, పూర్‌మొహమ్మదీ, రయీసీ. ఆ రయీసీయే 2021లో అధ్యక్షుడయ్యాడు. ఎవీన్, గోహర్‌దష్త్ జైళ్ళలో మొదట ముజాహిదీన్ వంతు. నీది ఏ సంస్థ అంటే "ముజాహిదీన్" అని జవాబిస్తే చాలు, అయిపోయింది. ఆగస్టు చివరినుంచి వామపక్షంవాళ్ళ వంతు. వాళ్ళని అడిగినవి వేరే: నువ్వు ముస్లింవేనా, నమాజ్ చేస్తావా, మీ నాన్న చేసేవాడా? నమాజ్ చేసే తండ్రికి పుట్టి మతం వదిలినవాడికి చావు. మతం పట్టని ఇంట్లో పెరిగినవాడు బతికే వీలుంది. అదే నేరానికి ఆడవాళ్ళని చంపలేదు, ఒప్పుకునేదాకా నమాజ్ వేళల్లో కొరడా దెబ్బలు కొట్టారు. టెహ్రాన్ శివార్లలోని ఖావరాన్ సామూహిక గోతుల్లో ఉన్నది ప్రధానంగా వామపక్షంవాళ్ళు. నువ్వు అందర్నీ అక్కడే పూడ్చావు, అది దిద్దుకో. ఖొమేనీ వారసుడిగా ప్రకటించిన మొంతజెరీ ఆగస్టు 15న ఆ కమిటీని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇస్లామిక్ రిపబ్లిక్ చేసిన అతిపెద్ద నేరం ఇదేనని, చరిత్ర మనల్ని తప్పుపడుతుందని మొహమ్మీదే చెప్పాడు. ఆ టేపు 2016లో ఆయన కొడుకు బయటపెట్టాడు. వారసత్వం మాత్రం 1989 మార్చిలోనే ఊడింది.

హమీద్ నూరీ కేసుకి ఒక పేజీ ఇవ్వు. 1988లో గోహర్‌దష్త్ జైల్లో పనిచేసిన ఈయన్ని 2019 నవంబర్‌లో స్టాక్‌హోమ్ విమానాశ్రయంలో పట్టుకున్నారు. చిక్కు ఎక్కడంటే, స్వీడన్ చట్టంలో మానవాళిపై నేరం అన్న సెక్షన్ 2014లో గానీ రాలేదు, వెనక్కి వర్తించదు. అందుకని ప్రాసిక్యూటర్లు రెండుగా చీల్చారు. ముజాహిదీన్ హత్యల్ని ఇరాన్-ఇరాక్ యుద్ధానికి ముడిపెట్టి యుద్ధనేరం కింద, వామపక్షంవాళ్ళవి మామూలు హత్య కింద పెట్టారు. అల్బేనియా శిబిరంలో ఉన్న ముజాహిదీన్ సాక్షుల కోసం కోర్టే దుర్రెస్ పట్టణానికి వెళ్ళింది. 2022 జూలైలో యావజ్జీవం పడింది. 2024 జూన్‌లో ఇరాన్ పట్టుకున్న ఇద్దరు స్వీడన్ పౌరుల కోసం అతన్ని అప్పగించేశారు. విమానం దిగితే పూలదండలు! ఇంకో సంగతి, నూరీని అక్కడికి రప్పించడంలో ముజాహిదీన్ నుంచి విడిపోయిన మాజీ ఖైదీ పాత్ర ఉంది. అతనికీ సంస్థకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఒకే హంతకుడి మీద సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాళ్ళు కోర్టు బయట ఒకరి మొహం ఒకరు చూసుకోలేదంటే నమ్ము.

"బయటున్నవాళ్ళంతా ఒకటెందుకవ్వరు" అని అడిగావు కదా, జవాబు చాలామటుకు ఇక్కడే ఉంది. ముజాహిదీన్ సద్దాం పక్షాన నిలిచారని దేశంలో మామూలు జనం కూడా క్షమించలేదు. రాజరికంవాళ్ళ చేతికి సావాక్ మరక ఉంది. 1975 ఏప్రిల్‌లో వామపక్ష నాయకుడు బీజన్ జజనీతో సహా తొమ్మిదిమంది ఖైదీల్ని ఎవీన్ కొండల్లో కాల్చి, పారిపోబోయారని చెప్పింది షా జమానాలోనే. 2023 ఫిబ్రవరిలో షా కొడుకు రెజా పహ్లవీ, ప్రవాస ఉద్యమకారులు మసీహ్ అలీనెజాద్, హామెద్ ఎస్మాయిలియన్ తదితరులు వాషింగ్టన్ జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో ఒక వేదికెక్కారు, మార్చిలో ఉమ్మడి పత్రం విడుదల చేశారు. ఏప్రిల్‌కల్లా ఎస్మాయిలియన్ తప్పుకున్నాడు, కూటమి చెదిరింది. ఆ ఫిబ్రవరిలోనే సావాక్ పెద్ద అధికారి పర్వీజ్ సాబెతీ లాస్ ఏంజిలెస్ ప్రదర్శనలో దర్జాగా కనిపించాడు. మాజీ ఖైదీలకి అది చూసి ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించు.

మరణశిక్ష వద్దని రెజా పహ్లవీ అంటాడు, ముజాహిదీన్ నాయకురాలు మర్యం రజవీ పది సూత్రాల్లోనూ రాసుంది. రాతలో అందరూ ఒకటే. అందుకే రాతని చూసి మార్కులు వేయకు. రాజరికం ఊరేగింపుల్లో "ముల్లా, వామపక్షం, ముజాహిద్, ఈ ముగ్గురు మొఫ్సెద్‌లకీ చావు" అని అరుస్తారు. మొఫ్సెద్ అంటే భూమ్మీద అరాచకం రేపేవాడు. హొవేదాని చంపింది ఆ నేరం పేరు మీదే. తన శత్రువుకి పడిన ఉరిని కూడా వద్దన్నవాడెవడు అన్నదే అసలు పరీక్ష, చాలామంది అక్కడే తప్పుతారు. మనవైపు 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో భూమయ్య, కిష్టాగౌడ్‌లని ఉరితీసినప్పుడు కదిలినవాళ్ళు, రాజకీయం లేని మామూలు ఖూనీకేసులో ఉరి పడితే ఎంతమంది కదిలారో గుర్తు తెచ్చుకో, ఇరానీలని మరీ తిట్టాలనిపించదు.

బయటున్నా ఉరి తప్పని సంగతి రెండు వాక్యాల్లో రాసెయ్. ఫ్రాన్స్‌లో ఉన్న పాత్రికేయుడు రూహొల్లా జమ్‌ని 2019లో ఇరాక్‌కి రప్పించి పట్టుకుని 2020 డిసెంబర్‌లో, ఇస్తాంబుల్ నుంచి ఎత్తుకుపోయిన స్వీడన్ పౌరుడు హబీబ్ చాబ్‌ని 2023 మేలో ఉరితీశారు.

అందర్నీ ఒకే పట్టీలో రాసినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళని వదిలేశావు. 1991లో పారిస్‌లో హత్యకి గురైన అబ్దొర్రహ్మాన్ బొరూమంద్ కూతుళ్ళు వాషింగ్టన్‌లో నడిపే కేంద్రం జాబితాలో షా జనరళ్ళు, ముజాహిదీన్, గంజాయి కేసువాళ్ళు పక్కపక్కనే ఉంటారు, తేడా చూపరు. జైళ్ళలో అయితే 2024 జనవరిలో ఖెజెల్ హెసార్ జైల్లో మొదలైన మంగళవారం నిరాహారదీక్ష నలభైకి పైగా జైళ్ళకి పాకింది. ఉరికి తీసుకెళ్ళే తోటి ఖైదీలకి చాలాసార్లు అదే ఆఖరి రోజు కాబట్టి మంగళవారం. ఆ ఖైదీలు ఎవరి కేసు ఏదని అడగకుండా ఉరి మొత్తంగా వద్దంటున్నారు. నీ వ్యాసం వీళ్ళతో మొదలెట్టు, జార్జ్‌టౌన్ వేదికతో కాదు.

ఫొటోకి సనందజ్ విమానాశ్రయంది అడుగు. 1979 ఆగస్టు 27న పదకొండు మందిని కాల్చేసిన దృశ్యం, ఖల్ఖాలీ తీర్పు. తీసింది ఎత్తెలాత్ పత్రిక ఫొటోగ్రాఫర్ జహంగీర్ రజ్మీ. పేరు లేకుండానే 1980లో పులిట్జర్ వచ్చింది, 2006లో గానీ ఆయన పేరు బయటికి రాలేదు. "అజ్ఞాత ఫొటోగ్రాఫర్" అని పాత క్యాప్షన్ ఎత్తి రాయకు. గడువు ఎప్పటిదాకా ఉందో చెప్పు, సవరించిన కాపీ పంపితే అంకెలు మళ్ళీ చూసి పెడతాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
మూర్తి