గంధకాన్ని వదిలేసి మాంగనీస్ మాట ఎత్తితే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

బొగ్గు పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లనే కాలుష్య వాయువుల కట్టడికి మాంగనీస్–టైటానియా ఉత్ప్రేరకం (రసాయన చర్యను వేగపరిచే పదార్థం) గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. కృష్ణపట్నం థర్మల్ కేంద్రాలకు ఇదే సులువైన దారి అన్నట్టు సాగిన ఆ వ్యాసంలో అసలు చిక్కు అయిన గంధకం ప్రస్తావనకే రాలేదు.

ఇప్పుడు వాడుకలో ఉన్న వనేడియం ఉత్ప్రేరకం 300 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ మధ్య బాగా పనిచేస్తుంది కనుక దాన్ని సాధారణంగా బాయిలర్‌కు దగ్గర్లో, బూడిద ఇంకా తొలగని పొగలో అమర్చుతారు. దేశీయ బొగ్గులో బూడిదే 30–40 శాతం ఉంటుంది; అది ఉత్ప్రేరకాన్ని అరగదీస్తుంది, సన్నని రంధ్రాలను పూడ్చేస్తుంది. మాంగనీస్ ఆక్సైడ్ సమక్షంలో మాత్రం 150 డిగ్రీల ప్రాంతంలోనే, పొగలో కలిపే అమ్మోనియా నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుతుంది. అంటే బూడిదను విద్యుత్తుతో పట్టే ఈఎస్పీ పరికరం దాటాక, పొగ చల్లబడిన చోట దాన్ని పెట్టుకోవచ్చు. పాత టార్చిలైటు బ్యాటరీ పగలగొడితే చేతికి అంటే నల్లపొడిలో ఉండేది మాంగనీస్ డయాక్సైడే. గోడల పెయింటుకు తెల్లదనం ఇచ్చేది టైటానియా. సరుకు కొత్తదేమీ కాదు.

అయితే ఈఎస్పీ బూడిదను ఆపుతుందే కానీ, బొగ్గులోని గంధకం మండితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్‌ను ఆపదు. ఆ వాయువు అమ్మోనియాతో కలిసి జిగటగా ఉండే అమ్మోనియం బైసల్ఫేట్‌గా పేరుకుంటుంది. వేడిచేసి దాన్ని వదిలించవచ్చు కానీ, మాంగనీసే సల్ఫేట్‌గా మారిపోతే ఉత్ప్రేరకం చచ్చినట్టే. సీరియం, ఇనుము కలిపి గంధకాన్ని తట్టుకునే ఓర్పు పెంచాలని పరిశోధకులు ఎన్నో ఏళ్లుగా పాటుపడుతున్నదీ ఇందుకే.

కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరు నోటిఫికేషన్ 2017 జనవరి నుంచి నెలకొల్పే యూనిట్లకు ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి పెట్టింది. 2004–2016 మధ్య నెలకొల్పిన యూనిట్లకు 300గా ఉన్నది తర్వాత 450కి సడలింది. ఇక 2025 జూలైలో, పెద్ద నగరాలకూ తీవ్ర కాలుష్య ప్రాంతాలకూ దూరంగా ఉన్న కేంద్రాలకు పొగలోంచి గంధకాన్ని కడిగే ఎఫ్‌జీడీ పరికరం తప్పనిసరి కాదని కేంద్రం తేల్చింది. గంధకం విషయంలో ఇచ్చిన ఈ మినహాయింపు తక్కువ వేడి ఉత్ప్రేరకానికి ఉన్న దారినీ మూసేస్తోందని ఎవరూ చెప్పకపోవడం నాకు విచిత్రంగా తోస్తోంది.

కాబట్టి కృష్ణపట్నంలో ఏదో ఒక యూనిట్ పొగలో కొంత భాగాన్ని పక్కకు మళ్లించి, గంధకం తీసేసి ఒకసారి, తీయకుండా ఒకసారి ఈ ఉత్ప్రేరకాన్ని కనీసం ఏడాదిపాటు పరీక్షించి, మిగిలిపోయే అమ్మోనియా కొలతలతో సహా ఫలితాలను బహిరంగపరచాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను.

– విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
ముత్తుకూరు, నెల్లూరు జిల్లా