క్వారీ షెడ్లలోని ఆడవాళ్లకూ రొమ్ము పరీక్షలు చేయాలి

సంపాదకులకు నమస్కారం.

ముప్పై నుంచి అరవై ఐదేళ్ల వయసున్న ప్రతి మహిళకూ ఐదేళ్లకొకసారి, క్యాన్సర్ ఉందేమో చూసేందుకు రొమ్ము పరీక్ష చేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మన జిల్లాలో ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఎండనక వాననక ఇంటింటికీ తిరుగుతున్నారు. అయినా చీమకుర్తి, రామతీర్థం చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో, పాలిషింగ్ యూనిట్లలో పని కోసం ఒడిశా, బీహార్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాల్లోని ఆడవాళ్లలో చాలామందికి ఈ పరీక్ష ఒకటి ఉందనే తెలియదు. సిబ్బంది వచ్చే పూటకు వాళ్ల రేకుల షెడ్లకు తాళాలు వేసి ఉంటాయి. మళ్లీ వచ్చేసరికి ఆ కుటుంబం మరో క్వారీకి మారిపోయి ఉంటుంది.

మా వీధిలో అద్దెకుండే ఒడిశా ఆమెకు చంకలో గడ్డ ఉందని పక్కింటివాళ్లు చెప్పగా విన్నాను. చూపించుకోమంటే, నొప్పి లేదు కదా, ఒక పూట పని మానితే కూలి పోతుంది కదా అన్నదట. రొమ్ము క్యాన్సర్ గడ్డ చంకలోనూ కనిపించవచ్చు, మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. అదే మనుషులను ఏమరుస్తుంది. పైగా ఆమెకు తెలుగు రాదు. ఆసుపత్రిలో ఆమెకు దుబాసీగా ఉండాల్సింది ఇక్కడి బడిలో చదువుకుంటున్న పదేళ్ల కొడుకు, లేదంటే పనిలోకి తెచ్చిన మేస్త్రీ. రొమ్ములో గడ్డ ఉందని, చనుమొన లోపలికి పోయిందని, రక్తం కారుతోందని ఏ తల్లి కొడుకు నోట చెప్పిస్తుంది?

పరీక్షకు పెద్ద యంత్రాలేమీ మొదట అక్కర్లేదు. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులు సుమారు లక్షన్నర మంది మహిళలపై ఇరవై ఏళ్లపాటు జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, తర్ఫీదు పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేత్తో తడిమి చూసినందువల్లనే జబ్బు ముదరకముందు బయటపడిందని, యాభై దాటిన వారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని తేలింది. అనుమానం ఉన్నవాళ్లకే ఆ తర్వాతి పెద్ద పరీక్షలు కావాలి.

ఉచిత వైద్యానికి ఇచ్చిన కార్డు సొంతూళ్లో ఉందని, ఇక్కడ పనికిరాదని భయపడేవారికి ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఆయుష్మాన్ భారత్ కార్డు దేశంలో ఏ రాష్ట్రంలోనైనా ఆ పథకం కిందికి వచ్చే ఆసుపత్రుల్లో చెల్లుతుంది. ఒడిశా కూడా 2025లో ఆ పథకంలో చేరింది. పరీక్షకైతే ఏ కార్డూ అడగకూడదు.

వైద్య ఆరోగ్య శాఖ అధికారులను నేను కోరేది ఇది. 104 వాహనం ఊరి మధ్యలో ఆగినట్టే, క్వారీల దగ్గర కూడా వారపు సెలవు రోజున, లేదా సాయంత్రం పని దిగే వేళకు ఆగాలి. పరీక్ష చేసేది ఆడమనిషే అయి ఉండాలి, చేసేచోట చాటు ఉండాలి. ఇక్కడే ఏళ్లుగా స్థిరపడి తెలుగు నేర్చుకున్న ఒడియా, హిందీ మహిళలు షెడ్డుకొకరైనా దొరుకుతారు. వాళ్లకు కొంత పారితోషికం ఇచ్చి ఆశా కార్యకర్తలకు తోడుగా పెట్టుకుంటే, పొరుగు ఆడవాళ్లు వాళ్ల మాట మీద వస్తారు. వలస కార్మికులకు ఉచితంగా వైద్య సౌకర్యం కల్పించే బాధ్యత కాంట్రాక్టరుదేనని 2025 వరకు అమల్లో ఉన్న 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమే చెప్పింది కనుక, క్వారీ యజమానులు దీన్ని దయాధర్మంగా చూడకూడదు. గడ్డ తగిలిన మహిళను చీటీ రాసిచ్చి పంపేస్తే ఆమె వెళ్లదు. ఒంగోలు సర్వజన ఆసుపత్రికి ఆమె వెంట ఒకరు వెళ్లాలి, ఆ రోజు కూలి యజమాని ఇవ్వాలి.

— ఒక పాఠకురాలు,
చీమకుర్తి, ప్రకాశం జిల్లా