మా ఒర్రె మిగిలింది, మీ అందరికీ దండం

నిన్న మధ్యాహ్నం సోలార్ కంపెనీ వాళ్లు తమ ప్లాంటు కొత్త నక్ష తెచ్చి గ్రామపంచాయతీ గోడకు అతికించి వెళ్లారు. పాత నక్షలో ఊరి పడమటి వైపంతా ప్లాంటు జాగా అని ఒకే నీలం రంగు పులిమి ఉండేది. ఇప్పుడా నీలం రెండు ముక్కలైంది. నడుమ వంకరగా, తెల్లగా వదిలిన పట్టీ మా ఒర్రె, చెరువులోకి వాననీళ్లు తెచ్చే చిన్న వాగు. అది చూసి ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. మహిళా సంఘాల లెక్కలు రాసే చెయ్యి నాది. ఎవరి బాకీ ఎంతో ఆ రోజే పుస్తకంలోకి ఎక్కకపోతే నిద్రపట్టదు.

మాది వర్ధన్నపేట వైపు ఊరు. చల్క (ఎర్ర ఇసుక) నేలల్లో పత్తి, మక్క, చెరువు కింద వరి. పోయిన ఎండాకాలానికి ముందు ఒక సోలార్ కంపెనీ మనుషులు వచ్చి 50 మెగావాట్ల ప్లాంటు పెడతామన్నారు. మెగావాటుకు నాలుగైదు ఎకరాలు కావాలి కనుక లెక్క 250 ఎకరాల దాకా పోయింది. ఎకరానికి ఏడాదికి ముప్పై వేల కౌలు, ఇరవై అయిదేళ్ల ఒప్పందం. మా చల్కలకు మామూలు కౌలు పది పన్నెండు వేలు దాటదు. గులాబీ పురుగు తిన్నాక మిగిలిన పత్తిని అకాల వాన నల్లబరిచిన ఏడాది అది కూడా కష్టమే. అందుకని సంతకానికి తొందరపడినవాళ్లను నేను తప్పుపట్టను. అందరికన్నా ముందు పెన్ను తీసినవారు మా బావగారే. కొడుకులిద్దరూ హైదరాబాద్‌లో ఉన్నారు, ఆయనకు మోకాళ్లు పనిచేయవు, ఆరెకరాలు పడావు పడుతున్నాయి.

మొదటి దండం మా నీరటి తాతకు. చెరువు తూము తీయడం, మూయడం, ఏ మడికి ఎంత నీరు పోవాలో చూడటం ఆయన తండ్రి నుంచి వచ్చిన పని. కంపెనీ పంపిన కుర్ర ఇంజనీరుకు ఒర్రె కనిపించలేదు. అబద్ధమాడాడని అనను. వైశాఖంలో చూస్తే అది పత్తి చేన్ల మధ్య ఒక పల్లపు దారి, అంతే. బండ్లు కూడా అందులోంచే పోతాయి. తాత ఆ అబ్బాయిని తీసుకెళ్లి ఒకచోట కూర్చోబెట్టి, కర్రతో ఇసుక గీకి, తుంగ గడ్డ ఒకటి పెకిలించి చేతిలో పెట్టాడు. "వాసన చూడు బిడ్డా. నీళ్లు తగిలే చోట ఇది బాగా మొలుస్తుంది. నువ్వు కూర్చున్న చోట వానాకాలంలో నడుం లోతు పారుతుంది. ఇక్కడ నీ ఇనుప కాళ్లు పాతితే చెరువులోకి చుక్క రాదు." ఆ అబ్బాయి గడ్డను వాసన చూశాడు, తరువాత జేబులో వేసుకున్నాడు. ఆ జేబులో వేసుకోవడం చూశాక నాకు అతని మీద నమ్మకం కలిగింది.

అయితే తుంగ గడ్డను ఫైలులో పెట్టలేం కదా. కాగితం కావాలి. హనుమకొండలో ఉండే రిటైర్డు సర్వేయర్ సారు గురించి మా ఆడపడుచు చెప్పింది. ఫోను చేస్తే "ఆదివారం వస్తానమ్మా, బస్టాండు దగ్గర ఎవరైనా ఉండండి" అన్నారు. ఒక ఆదివారం అనుకున్నది ఆరు ఆదివారాలైంది. గ్రామ నక్ష, టిప్పన్, సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ - ఈ పాత భూరికార్డుల పేర్లన్నీ మా నాయనల నోట విన్నవే, వాటిలో ఏముంటుందో మాత్రం ఆయన చెప్పేదాకా తెలియదు. సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలో పక్కన కూర్చుని చూపించారు. మండల స్థాయిలో రుసుము అయిదు రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. గడువు దాటి రెండుసార్లు తిరిగాక నకలు చేతికొచ్చింది. పాత గ్రామ నక్షలో చెరువు పైభాగాన రెండు గీతలు పాములా మెలికలు తిరుగుతూ వెళ్తున్నాయి. తాత కర్రతో గీసిన దారి, ఆ గీతలు ఒకటే. సారు తన గొడుగు మొనను ఆ గీతల మీద జరుపుతూ పోతుంటే, వెనక నిలబడ్డ ఆడవాళ్లు "ఇది మా అల్లనేరేడు చెట్టు, ఇది మా బాయి" అని ఒక్కొక్కటే గుర్తుపట్టారు. ఇంత కాలం నక్షను మగవాళ్ల వ్యవహారం అనుకున్న మా సంఘంలో ఇప్పుడు కనీసం పదిమంది దాన్ని చదవగలరు.

వకీలు అన్నకు రెండో దండం అని రాయబోయాను కానీ ఇందులో వరుస లేదు. ఆయన రెండు సంగతులు చెప్పారు, రెండూ మమ్మల్ని ఉలిక్కిపడేలా చేశాయి. సోలార్ ప్లాంట్లకు 2006 నాటి పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ వర్తించదు, కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుందని ఎదురుచూస్తూ కూర్చోవద్దు అన్నది ఒకటి. మాట్లాడాల్సింది గ్రామసభలోనే. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలి, అడిగి పెట్టించుకోండి అన్నారు. రెండోది లావుణి పట్టాల గురించి, అంటే సర్కారు పేదలకు సాగుకిచ్చిన అసైన్డ్ భూముల గురించి. మా ఊళ్లో ఇరవైకి పైగా దళిత కుటుంబాల భూములు అవే. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టంలో అమ్మకమే కాదు, లీజు కూడా బదలాయింపు కిందికే వస్తుంది. ఆ ఒప్పందం చెల్లదు, పైగా భూమికే ఎసరు రావచ్చు. ఆ కుటుంబాల్లో సగం మంది అప్పటికే కంపెనీకి ఆధార్ నకళ్లు ఇచ్చేశారు. ఇంటింటికీ తిరిగి వాటిని వెనక్కి తెప్పించింది మా సంఘం అధ్యక్షురాలు. వకీలు అన్న ఫీజు అడగలేదు. సంచి నిండా మక్క కంకులు ఇస్తే, అందులో సగం కోర్టు బయట చాయ్ బండి వాళ్లకు ఇచ్చి వెళ్లారు.

సర్పంచుల పదవీకాలం 2024 జనవరి ఆఖరుకే ముగిసింది. గ్రామసభ జరిగింది ప్రత్యేకాధికారుల పాలనలోనే. అధికారి వస్తారో రారో అని ఆ పొద్దంతా పంచాయతీ అరుగు మీదే కూర్చున్నాం. వచ్చారు. మూడు గంటలు ఓపికగా విన్నారు కూడా. ఒక కుర్రాడు లేచి "రామగుండంలో జలాశయం మీదే 100 మెగావాట్లు తేలుతున్నాయి, మన చెరువు మీద పెట్టుకోమనండి" అన్నాడు. అందరూ నవ్వారు గానీ నీరటి తాత నవ్వలేదు. "అక్కడ ఏడాదంతా నీళ్లుంటాయి. మన చెరువు ఎండాకాలం క్రికెట్ మైదానం. సోలార్ అద్దాలు బురదలో కూర్చుంటాయి" అన్నాడు. 2022లో పూర్తిస్థాయిలో మొదలైన ఆ రామగుండం ప్లాంటు దాదాపు 500 ఎకరాల నీటి మీద ఉందని ఇంజనీరే వివరించాడు.

తరువాత నేను నా పుస్తకం తెరిచాను. పట్టాదారుల పేర్లు కంపెనీ జాబితాలో ఉన్నాయి. లేనివాళ్ల పేర్లు నా పొదుపు లెక్కల్లో ఉన్నాయి: ఆ చేన్లను కౌలుకు చేసేవాళ్లు, పత్తి ఏరి కిస్తీ కట్టే ఆడవాళ్లు, బంచరాయిలో (ఊరి ఉమ్మడి మేత భూమిలో) గొర్రెలు కాసే ఇళ్లు, తాళ్లు గీసే గౌడన్నలు. గౌడన్న ఒకాయన అప్పటికే ప్లాంటు జాగాలోని ప్రతి తాటిచెట్టుకూ సున్నంతో అంకె వేసి వచ్చాడు. 112 చెట్లు. నేను పేర్లు చదువుతుంటే సభ నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు మా బావ వెనక నుంచి అడిగారు: "నా మోకాళ్ల గురించి ఆ పుస్తకంలో రాశావా అమ్మా?"

రాయలేదు. జవాబు చెప్పలేక నిలబడిపోయాను. ఆయన కోపంగా అడగలేదు, అదే ఎక్కువ బాధపెట్టింది. కౌలు రావాల్సినవాళ్లకు రావాలి, ఒర్రె, బంచరాయి మాత్రం వదలాలి అని ఆ సభ తీర్మానం చేసిందంటే, ఆ ఒక్క ప్రశ్న వల్లే అనుకుంటాను. అంతకుముందు సగం మంది వద్దే వద్దంటున్నారు. ఆ తరువాత ఒర్రె ఒడ్డున ఎంత వెడల్పు వదలాలో కొలవడానికి తన చేనులోంచే మొదటి గీత గీయనిచ్చింది కూడా బావే. దాంతో ఆయనకు కౌలు వచ్చే భూమిలో ముప్పావు ఎకరం తగ్గింది. బావా, ఇంట్లో ఎదురుగా చెప్పలేను, ఇక్కడ చెబుతున్నాను, మీకు దండం.

అన్నీ తేలాయని అనుకోవద్దు. 112 తాళ్లలో 63 మాత్రమే కొత్త హద్దుకు బయట పడ్డాయి, మిగతావాటి మాట నడుస్తోంది. ప్లాంటు కట్టేటప్పుడు కూలి దొరుకుతుంది, కట్టాక కాపలాకు, అద్దాలు కడగడానికి కొద్దిమంది చాలు. గడ్డి కోసే పని మా సంఘానికి ఇస్తామన్నారు. అది ఇప్పటికి నోటిమాటే. కాగితం మీదకు వచ్చిన రోజు దానికి వేరే దండం పెడతాను.

పేరుపేరునా చెప్పాల్సినవాళ్లు ఇంకా ఉన్నారు. బడిని సాయంత్రాలు మాకు వదిలిన హెడ్మాస్టర్ సారు. కంపెనీ ఇంగ్లిషు ఒప్పందాన్ని ఒక్క రాత్రిలో తెలుగు చేసి, అద్దాలు పీకేశాక భూమిని మునుపటిలా చేసే బాధ్యత ఎవరిదో అందులో లేదని పట్టుకున్న యూనివర్సిటీ పిల్లలు. నీడలేని చోట కొలతలు తీస్తుంటే రెండుపూటలా మజ్జిగ మోసిన కురుమ అవ్వ. పై ఆఫీసుకు నక్ష మార్చమని మా కన్నా గట్టిగా రాసిన ఆ కుర్ర ఇంజనీరు. జిరాక్సు దుకాణం తమ్ముడికి 340 రూపాయలు బాకీ ఉన్నాను, వద్దన్నా సరే పుస్తకంలో రాసుకున్నాను.

రాత్రి కొత్త నక్ష ఫోటోను నీరటి తాతకు చూపించాను. ఫోనును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, "మర్రి దగ్గర వంపు తప్పు గీశారు" అన్నాడు. ఇంజనీరుకు చెప్తే సోమవారం మళ్లీ కొలుద్దాం అన్నాడు. సర్వేయర్ సారూ, మీ గొడుగు మా ఇంట్లోనే ఉంది, వీలైతే ఆ రోజే వచ్చి తీసుకెళ్లండి.