స్కోరు వేశాక మళ్లీ రావాలి

సంపాదకులకు,

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో తరగతి పరిశీలనకు ప్రపంచ బ్యాంకు రూపొందించిన ‘టీచ్’ సాధనం వాడుతున్నారు. పరిశీలకులు పదిహేనేసి నిమిషాల చొప్పున రెండు విడతలు చూసి, 9 అంశాలకు 1 నుంచి 5 వరకు స్కోరు వేస్తారు. ఒక్కో విడతలో మూడుసార్లు, కొన్ని సెకన్లపాటు, పిల్లలు పనిలో ఉన్నారో లేదో లెక్కిస్తారు. సాధనం మంచిదే. కానీ ఐదు తరగతులకూ ఒక్క టీచరే ఉన్న బడిలో, మూడో తరగతికి లెక్కలు చెబుతుంటే మిగతా పిల్లలు ఖాళీగా కనబడతారు. స్కోరు పడిపోతుంది. టీచర్ల కొరత టీచరు లోపంగా నమోదవడం అన్యాయం.

పరిశీలన ముగిసిన రోజే పది నిమిషాలు కూర్చుని మాట్లాడాలి. ఒకే ఒక్క మార్పు సూచించి, రెండు వారాల్లో అదే వ్యక్తి మళ్లీ వచ్చి చూడాలి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదవడం తగ్గించి, ఆ సూచనలపై నమూనా పాఠాలు చెప్పించండి.

– ఒక ఉపాధ్యాయ శిక్షకుడు