ఆ ఇంట్లో దెయ్యం లేదండీ, మానుపిల్లి ఉంది

ఎడిటర్ గారికి నమస్కారం.

తాళం పడి ఉన్న పాత మండువా ఇళ్ల (మధ్యలో పైకప్పు లేని వాకిలి, చుట్టూ గదులు ఉండే ఇళ్లు) ఫొటోలు ఈమధ్య పేపర్లలో, ఫోన్లలో తెగ కనిపిస్తున్నాయి. చూడటానికి బాగానే ఉంటాయి గానీ, ఫొటో కింద రాసే మాట మాత్రం ఎప్పుడూ ఒకటే, దెయ్యాల కొంప అని. అర్ధరాత్రి గజ్జెల చప్పుడట, మూసిన గదిలోంచి అరుపులట, అటక మీద ఎవరో నడుస్తారట. నేను అలాంటి ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి. తరవాత ఆ ఇంటికి తాళం వేసినవాళ్లలో ఒకణ్ణి, చివరికి దాన్ని కలప కింద అమ్మిన రోజు కాగితం మీద సంతకం పెట్టినవాళ్లలో కూడా ఒకణ్ణి. అందుకని ఈ విషయం గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది, కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది, మన్నించండి.

మాది కోనసీమ. ఊరి పేరు ఎందుకులెండి, పక్క ఊళ్లో ఎవర్ని అడిగినా ఇదే కథ చెబుతారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యి, కాలవల్లో నీళ్లు పారి, ఒకటి రెండు తరాలు గడిచేసరికి డెల్టా రైతుల చేతిలో డబ్బు ఆడింది. ఆ డబ్బు ముందు భూమి మీదకి, ఆ తరవాత ఇంటి మీదకి పోయింది. కలప కొంత ఏజెన్సీ అడవుల్లోంచి గోదావరి మీద తెప్పలుగా దిగింది, కొంత రంగూన్ నుంచి ఓడల్లో కాకినాడ వచ్చింది. "మా ఇల్లు బర్మా టేకు" అని చెప్పుకోని పాత కుటుంబం మా వైపు ఒక్కటి కూడా ఉండదు, అందులో సగం గొప్పలే అని నా అనుమానం, మా తాతయ్య మాటతో సహా. అయినా రంగూన్ రాకపోకలు మాత్రం నిజం, 1942లో జపాన్ వాళ్లు బర్మా మీద పడితే అక్కణ్ణుంచి నడిచి వచ్చేసినవాళ్ల కథలు మా చిన్నప్పుడు అరుగుల మీద వింటూనే ఉండేవాళ్లం.

మా ఇంటికి మండువా చుట్టూ పన్నెండు స్తంభాలు. ఒక్కో స్తంభం కింద ఒక్కో రాయి, కొయ్య నేల తడిని తాకకుండా. పైన దూలాలు టేకు, వాసాలు మాత్రం చేవదేలిన తాడి, ఇది చాలామందికి తెలియదు, పాత ఇల్లంటే అంతా టేకే అనుకుంటారు. స్తంభం దూలాన్ని పట్టుకున్న చోట ఒక్క మేకు కూడా ఉండదు, ఒకదాన్లో ఒకటి దూర్చి కొయ్య చీలతో బిగించడమే. ఆ బిగింపు రాతిలా ఉండదు, కొంచెం ఆడుతుంది. అది ఆడుతుందని నాకు తెలిసింది 1996 నవంబరు తుపాను రాత్రి. పెంకులు ఒక్కొక్కటి ఎగిరిపోతున్నాయి, పెరట్లో కొబ్బరిచెట్లు విరిగి పడుతున్న చప్పుడు, మేమంతా పడమటి గదిలో ఒక్కచోట కూర్చున్నాం, ఇల్లు మొత్తం మూలుగుతోంది, నిజంగానే మూలుగుతోంది, మా మామ్మ మాత్రం "అది మూలిగినంతసేపూ భయం లేదురా, చప్పుడు ఆగిపోతే చూద్దాం" అంది. తెల్లారి చూస్తే పైకప్పు సగం లేదు, కొయ్య మాత్రం ఒక్కటి కూడా కదల్లేదు. పక్కన కొత్తగా కట్టిన ఇటుక ప్రహరీ మొత్తం పడుకుంది.

ఇక దెయ్యాల సంగతి. తాళం పడ్డ ఇంట్లో చప్పుళ్లు వస్తాయన్నది అబద్ధం కాదు, వస్తాయి. అటక మీద నడిచేది చాలాసార్లు మానుపిల్లి, అంటే చెట్లూ కప్పులూ ఎక్కి తిరిగే పిల్లిలాంటి జంతువు, పగలంతా పెంకుల కింద పడుకుని చీకటి పడ్డాక తిండికి బయల్దేరుతుంది, మనిషి అడుగులంత బరువుగా వినిపిస్తుంది, ఒకసారి వింటే పగటిపూట కూడా వంటిల్లు దాటి వెళ్లాలనిపించదు. అరిచేది గూబ. అందులోనూ ఆ తెల్లమొహం గూబ, దాని అరుపు వింటే నాకిప్పటికీ వెన్ను జలదరిస్తుంది, తెలిసి కూడా. (ఒక్క మాట, ఆ గూబలు ఊళ్లో ఎలకల్ని తినే తిండికి మనం వాటికి జీతం ఇవ్వాలి.) ఇక కిర్రు కిర్రుమని తలుపు తీసినట్టు వచ్చే చప్పుడు కొయ్యదే. పగలు ఎండకి కాగి, రాత్రి చల్లబడి, తేమ పీల్చి, మళ్లీ ఎండి, కొయ్య సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది, ఆ బిగింపుల దగ్గర రాసుకుని కిర్రుమంటుంది. ఇంట్లో మనుషులున్నప్పుడూ ఇదే చప్పుడు వచ్చేది, కాకపోతే అప్పుడు రేడియో మోగేది, పిల్లలు ఏడ్చేవాళ్లు, ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

ఇదంతా చెప్పి ఆ ఇళ్లలో ఉన్న ఆకర్షణ తీసేద్దామని కాదు నా ఉద్దేశం. నాకూ ఆ మాయ తెలుసు. తాళం వేసిన ఆరేళ్లకి అనుకుంటా, పని మీద వెళ్లి తలుపు తీశాను, మండువాలోంచి ఎండ నిలువుగా దిగి సరిగ్గా తులసికోట పక్కన పడుతోంది, చుట్టూ మిగతాదంతా చీకటి, గబ్బిలాల కంపు, ఆ కంపులోంచి కూడా పాత టేకు వాసన తెలుస్తోంది. గోడ మీద క్యాలెండరు మేము వెళ్లిపోయిన నెల దగ్గరే ఆగి ఉంది. భోషాణం మూత తీస్తే మామ్మ దాచిన చింతపండు కుండ. గంట సేపు ఏమీ చెయ్యకుండా గడప మీద కూర్చుండిపోయాను, ఎవరో లోపలినుంచి పిలుస్తారని కాదు, పిలవరని తెలిసి కూర్చున్నాను. అలాంటి చోట కథలు పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

నా కోపం వేరే. ఇల్లు పాతబడి పోయింది అంటారు చూడండి, ఆ మాట తప్పు. కొయ్య పాతబడి పోదు. మహారాష్ట్రలో కార్లె గుహ చూసినవాళ్లకి తెలుస్తుంది, లోపల పైకప్పుకి బిగించిన టేకు కమానులు సుమారు 2 వేల ఏళ్లనాటివి, ఇంకా అక్కడే ఉన్నాయి. ఎందుకంటే వాటి మీద వాన పడలేదు. కొయ్యలో తేమ సుమారు 20 శాతం లోపు ఉన్నంతకాలం దాన్ని కుళ్లబెట్టే బూజు పెరగలేదు. అంటే ఇంటికి చావు కొయ్యలోంచి రాదు, పెంకులోంచి వస్తుంది. ఒక కోతి గెంతి ఒక పెంకు పగలగొడుతుంది, అక్కడ వాసం తడుస్తుంది, రెండో వర్షాకాలానికి మెత్తబడుతుంది, మూడో ఏడు ఆ వాసం కుంగితే పక్కన ఇరవై పెంకులు జారతాయి, ఇక దూలం మీదకి ధార. టేకు చేవని, అంటే లోపలి గట్టి కొయ్యని, చెద అంత తేలిగ్గా తినలేదు, దానికి పనికిరాని నూనెలేవో అందులో ఉంటాయి, కానీ పక్కనున్న తెల్లకర్రనీ తలుపు చెక్కల్నీ తినేస్తుంది. మనుషులు ఉన్న రోజుల్లో ఇవన్నీ పనులని కూడా అనిపించని పనులు. ఏటా ఎండాకాలం చివర మనిషి ఎక్కి పెంకులు సర్దేవాడు, చెదమట్టి గీత గోడ ఎక్కుతుంటే మామ్మ చీపురుతో దులిపి కిరసనాయిలు పోసేది, పొయ్యి పొగ రోజూ వాసాలకి పట్టి పురుగుని దగ్గరికి రానిచ్చేది కాదు. గ్యాసు వచ్చాక ఆ పొగ పోయింది, దానికి నేనేం బాధపడటం లేదు, మా అమ్మ కళ్లు బాగుపడ్డాయి.

మేము 2004లో తాళం వేశాం. తాతయ్యకి నలుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు, వాళ్ల పిల్లలం మేం పదిహేనుమందిమి. పెంకులు సర్దించడానికి అప్పట్లో అయ్యే ఖర్చు తలా కొంచెం వేసుకుంటే పండగ బట్టల ఖరీదు కూడా కాదు. కానీ ఎవరు ముందు ఇవ్వాలి? పెద్దవాళ్లు ఇస్తారని చిన్నవాళ్లు, ఊళ్లో ఉన్నవాళ్లు చూసుకుంటారని పై ఊళ్లలో ఉన్నవాళ్లు, పైనున్నవాళ్లకేం తక్కువని ఊళ్లోవాళ్లు. పద్నాలుగేళ్లు ఇలాగే జరిగింది.

ఈ మధ్యలోనే దెయ్యం వచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తరవాత అర్థమైంది. పాత కలప కొనే ఆయన మొదటిసారి వచ్చినప్పుడు బేరం చెయ్యలేదు, చుట్టూ తిరిగి చూసి, "ఈ ఇంట్లో ఏదో ఉందటగదండీ, ఊళ్లో అనుకుంటున్నారు, ఎవరూ కొనరండి ఇక" అన్నాడు. అంతకుముందు ఆ మాట ఊళ్లో నేనెప్పుడూ వినలేదు. ఏడాది తిరిగేసరికి మా మేనత్త కూడా "ఆ కొంప వదిలించుకోండిరా" అనడం మొదలుపెట్టింది. ఆయనే పుట్టించాడని నేను రుజువు చెయ్యలేను. కానీ దెయ్యం వల్ల బాగుపడేది ఎవరు అని మాత్రం అడుగుతాను. ఇంట్లో ఉందామనుకునేవాడు రాడు, బాగుచేయిద్దామనుకున్న వారసుడు వెనక్కి తగ్గుతాడు, రేటు పడిపోతుంది. ఇక మిగిలేది లారీ తెచ్చుకునేవాడు ఒక్కడే. అందుకే అలాంటి ఫొటో కింద భయపెట్టే మాట రాసేముందు కాస్త ఆలోచించమని పేపర్లవాళ్లని అడుగుతున్నాను.

2018లో అమ్మేశాం. టేప్ పెట్టి కొలిచి సీఎఫ్టీ, అంటే ఘనపుటడుగుల లెక్క కట్టారు. సింహద్వారం మీద చిలకలు, తామరలు, మధ్యలో గజలక్ష్మి, ఎవరు చెక్కారో పేరు కూడా తెలియని వడ్రంగి ఎన్ని నెలలు కూర్చున్నాడో, వాటికి విడిగా ఏమైనా ఇస్తారా అంటే "చేవ ఎంతుందో చూడాలి గానండీ, బొమ్మలదేముంది" అన్నాడు కలప కొన్నాయన. వాటికి ఎంత వచ్చిందో ఆయనకి తెలుసు, నాకు తెలియదు. విప్పడానికి నాలుగు రోజులు పట్టింది. పాత వడ్రంగులు ఎలా బిగించారో తెలిసినవాడు ఒక్కడు కూడా వాళ్లలో లేడు, చీల ఎక్కడుందో వెతక్కుండా రంపం పెట్టేశారు.

ఆ తరవాత, చాలా ఆలస్యంగా, ఒక లాయరు బంధువు చెబితే తెలిసింది. 1972 నాటి పురావస్తువుల చట్టంలో, వందేళ్లు నిండి, భవనం నుంచి ఊడదీసిన వస్తువు కూడా పురావస్తువు కిందకి రావచ్చట. అలాంటివాటితో వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. లారీ ఎక్కిన మా గుమ్మం వయసెంతో ఎవరైనా అడిగారా? మేమే అడగలేదు, ఇంకెవరు అడుగుతారు.

అన్ని ఇళ్లనీ నిలబెట్టమని ఎవరినీ అడగను, అది జరిగే పని కాదు. కర్ణాటకలోని మణిపాల్‌లోనూ, చెన్నై దగ్గర ముట్టుకాడులో దక్షిణచిత్ర అనే మ్యూజియంలోనూ పాత ఇళ్లని జాగ్రత్తగా విప్పి తీసుకెళ్లి మళ్లీ నిలబెట్టారు, వెళ్లి చూశాను, బాగున్నాయి, కానీ ఎన్నింటిని అలా మొయ్యగలరు? కనీసం విప్పేముందు కొలతలు తీసి బొమ్మ గీయించవచ్చు. జిల్లాలో ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి, పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులు డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు, ఒక బ్యాచ్‌ని ఒక ఊరికి పంపి పది ఇళ్లు కొలిపిస్తే వాళ్లకి మార్కులూ వస్తాయి, మేకు లేకుండా దూలం ఎలా నిలబడుతుందో కూడా తెలుస్తుంది. మా ఇంటి బొమ్మ ఇప్పుడు గీయాలంటే నాకే కొలతలు గుర్తులేవు. స్థలంలో స్తంభాల కింది రాళ్లు పన్నెండూ అలాగే ఉన్నాయి, ఎవరివో మేకలు కట్టేస్తున్నారు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. మా వీధి చివర ఇంకొక మండువా ఇల్లు మిగిలింది. ఇంటివాళ్లు ఎక్కడున్నారో సరిగా తెలియదు, ఒకరు హైదరాబాద్ అంటారు, ఒకరు అమెరికా అంటారు. ఊళ్లో ఉన్నంతకాలం ఆ ఇంట్లో మీ పేపరే వేయించుకునేవాళ్లు, ఇప్పటికీ ఫోన్లో అయినా చదువుతూ ఉంటారని ఆశ. మొన్న వీధిలోంచి చూశాను, ఈశాన్యం మూల ఇరవై, ఇరవై అయిదు పెంకులు జారి ఉన్నాయి, అంతే. దూలం ఇంకా తడవలేదు. తొలకరికి ఇంకా మూడు వారాలు టైముంది. పెంకులు కొనక్కర్లేదు కూడా, పెరట్లో పాకలో దొంతర పేర్చి ఉన్నాయి, గోడ మీంచి కనిపిస్తాయి. తాళం ఎవరి దగ్గరుందో పంచాయతీ ఆఫీసులో ఒక్క మాట చెబితే మనిషిని నేను పెడతాను, నిచ్చెన మా ఇంట్లో ఉంది.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక పాఠకుడు