బస్తీ నాటకం ఏసీ హాల్లో ఎందుకు?

సంపాదకుడికి,

ప్రభుత్వ నాటక శాఖ వాళ్లు బస్తీలో 10 రోజుల శిబిరం పెట్టి 20 మందిని 'కళాకారులుగా తీర్చిదిద్దిన' వార్త పోయిన వారం మీ సిటీ పేజీలో చూశాను. ఫొటోలోని 11 మందిలో శిక్షణ పొందినవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లు శాలువాలు కప్పినవాళ్లు, కప్పించుకున్నవాళ్లు.

రోజుకు 2 గంటల చొప్పున 10 రోజులంటే 20 గంటలు. ప్రారంభ సభ, అతిథి కోసం ఎదురుచూపులు పోగా 16 మిగిలితే గొప్ప. నాటకాలాడేవాళ్లలో ఒక మోటు లెక్క ఉంది: వేదిక మీద నిమిషానికి రిహార్సల్ గంట. 40 నిమిషాల నాటికకు 40 గంటలు, అదీ అలవాటున్నవాళ్లకు. కొత్తవాళ్లకు కూర్చుని చదువుకోవడానికే మొదటి నాలుగు రోజులు పడుతుంది. తర్వాత కదలికలు, కాగితం వదిలేసి మాట్లాడటం, చివర్న లైట్లతో ఒకసారి, దుస్తులతో ఒకసారి. ఇందులో ఏది ఎగరగొట్టినా ప్రదర్శన రోజు దొరికిపోతాం.

దొరికిపోయారు కూడా. వేదిక ముందు మూడు మైకులు వేలాడదీస్తే నటులంతా వాటి కిందే బారులు తీరారు. వెనక సగం వేదిక ఖాళీ. తప్పు వాళ్లది కాదు, గొంతు మీద పని చేయించకుండా మైకు చూపించినవాళ్లది. తెలుగులో అసలు విషయం వాక్యం చివరి క్రియలో ఉంటుంది. ఊపిరి మధ్యలోనే అయిపోతే ఆ మాటే గొంతులో ఉండిపోతుంది. ఇస్తానన్నాడో ఇవ్వనన్నాడో ఐదో వరుసకు తెలియదు. పొట్ట నిండా ఊపిరి తీసుకుని వాక్యం కొస దాకా అట్టేపెట్టుకోవడం రోజూ అరగంట చేయిస్తే తప్ప రాదు.

లైట్లదీ అదే తంతు. నెత్తిమీద నుంచే వెలుగు పడితే కళ్లు గుంటల్లా కనిపిస్తాయి. ఎదుట రెండు పక్కల నుంచి 45 డిగ్రీల ఏటవాలులో నాలుగు లైట్లు వేస్తే చాలు. వీళ్లు రంగులు మార్చే ఎల్‌ఈడీలు డజను తెచ్చి, చావు సన్నివేశాన్ని పెళ్లి రిసెప్షన్ చేశారు.

ఇక శిబిరం వేళ, పొద్దున 10 నుంచి 12. అప్పుడు బస్తీలో ఎవరుంటారండీ? మగవాళ్లు కూలీల అడ్డా మీద, ఆడవాళ్లు అపార్ట్‌మెంట్లలో పనికి. నల్లా వచ్చే రోజైతే ఇంట్లో ఉన్నవాళ్లూ కదలరు. సాయంత్రం 7 తర్వాత పెట్టమంటే ఆఫీసు వేళలు ఒప్పుకోవట!

శేరిలింగంపల్లిలో తరతరాలుగా నాటకాలాడే సురభి కుటుంబాలున్నాయి. 1885లో 'కీచకవధ' నాటకంతో మొదలైన సమాజం. అక్కడ వేషం వేసినవాడే మరో రాత్రి తెర తాడు లాగుతాడు, హార్మోనియం ముందు కూర్చుంటాడు. పిల్లలు పక్క తెర చాటున నిలబడి పద్యం నేర్చుకుంటారు. ఈ శిబిరంలో మాత్రం 20 మందీ నటులే. తాడు పట్టడం, లైటు మార్చడం, మాట మర్చిపోతే చాటు నుంచి అందించడం (ప్రాంప్టింగ్) ఒక్కరికీ నేర్పలేదు. నేర్పి ఉంటే శిబిరం వాళ్లు వెళ్లిపోయాక బస్తీ తన నాటకం తానే ఆడుకునేది.

అన్నిటికన్నా వింత, బస్తీ నాటకాన్ని బస్తీలో ఆడకపోవడం. రెండు బస్సులు మారి వెళ్లాల్సిన ఏసీ హాల్లో, అధికారుల ముందు ఆడించారు. ముఖ్య అతిథి కోసం గంటన్నర ఆగారు, మేకప్ కారిపోయింది. ఆ తర్వాత ఉపన్యాసాలు. హాలు టైము అయిపోతోందని చివరి దృశ్యం కోసేశారు; ఉపన్యాసం ఒక్కటీ కోయలేదు. పార్కయినా లైబ్రరీ అయినా ఇంతే, ఏ శాఖకైనా సభే పథకం.

ఈసారి 40 రోజులు పెట్టండి, రాత్రి పూట. ఆట ఆ బస్తీ కమ్యూనిటీ హాల్లోనే ఆడించండి. శబ్దం చేసే ఫ్యాన్లు ఆ కాసేపు ఆపితే మైకు అక్కర్లేదు. ముఖ్య అతిథి రాకపోతే తెర లేపేయండి.

- ఒక పాఠకుడు, చిక్కడపల్లి, హైదరాబాద్